నాయన కతలు: నోటుబుక్కు నుంచి అచ్చు దాకా

జూన్ 8, ఆదివారం

ఈరోజు పెట్టె దించాం. బుచ్చిరెడ్డిపాళెంలో మా మిద్దె మీది గదిలో, పాత పరుపుల వెనక ఆరేళ్ళుగా ఉన్న నాయన రేకు పెట్టె అది. నాయన పోయాక ఒక్కసారి తెరిచి మళ్ళీ మూసేశాం, అప్పుడు చదివే ధైర్యం ఎవరికీ లేదు. లోపల పదకొండు నోటుబుక్కులు, అన్నీ బడిలో పిల్లలు వాడే రూళ్ళ పుస్తకాలే. రెండింటికి చెద తగిలింది కానీ అంచుల్లోనే, అక్షరాల దాకా రాలేదు.

నాయన ఎలిమెంటరీ బడిలో అయ్యవారు. కనిగిరి రిజర్వాయరు కింద కాలవలు పారే ఊళ్ళలోనే ఉద్యోగమంతా చేశాడు, ఆ ఊళ్ళ గురించే రాశాడు. మొత్తం ఇరవై మూడు కతలు లెక్క తేలాయి. మూడు పత్రికల్లో వచ్చాయని ఇంట్లో అందరికీ తెలుసు. మిగతా ఇరవై అమ్మ తప్ప ఎవరూ చదవలేదు.

పుస్తకం వేద్దామనుకుంటున్నా. మంచివి పద్నాలుగో పదిహేనో ఏరి, మూడొందల కాపీలు. నాకు అచ్చు పని గురించి ఏమీ తెలియదు, అందుకే ఏ రోజు ఏం జరిగిందో రాసి పెడుతున్నా. ఇంట్లో ఇట్టాంటి నోటుబుక్కులు పెట్టుకుని ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని వాళ్ళు మన జిల్లాలోనే చాలామంది ఉంటారు, వాళ్ళకి పనికొస్తుంది.

జూన్ 22

ముందు అన్ని పేజీలూ ఫోనుతో ఫోటోలు తీశా. ఇది ఎవరైనా చేయాల్సిన మొదటి పని, టైపింగు కంటే ముందు. కాగితం ఇంకో వానాకాలం ఆగుతుందో లేదో చెప్పలేం. కిటికీ పక్కన, పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీస్తే పెన్సిల్ రాతలు కూడా వచ్చాయి.

తర్వాత టైపింగు. నేను చదువుతుంటే ఫోను దానంతట అదే తెలుగులో రాసుకుంటుంది కదా, అట్టా ఐతే రెండు వారాల్లో అయిపోతుందనుకున్నా. మొదటి కత సగం చదివి వెనక్కి చూసుకుంటే గుండె జారింది. నాయన "కయ్య" అని రాసిన ప్రతిచోటా ఫోను "కయ్యం" అని రాసింది. వరి పండే కయ్య కాస్తా తగాదా అయిపోయింది. "యాడికి" అంటే "ఎక్కడికి" అని వచ్చింది, పొలం గట్టుని చెప్పే "గెనిమ" అంటే ఏదో పేరు వచ్చింది, "ఎండ్రకాయ" ఐతే రెండు ముక్కలైపోయింది. పేపర్లో ఉండే తెలుగు దానికి బాగానే తెలుసు, మా ఊరి తెలుగే తెలియదు. మొత్తం చెరిపేసి కీబోర్డు మీద మొదలుపెట్టా. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు పద్ధతి నేర్చుకోవడానికి పది రోజులు పట్టింది, ఇప్పుడు రాత్రికి నాలుగు పేజీలు అవుతున్నాయి.

జూలై 8

నెల్లూరులో రొట్టెల పండగ. చుట్టాలు, బారాషహీద్ దర్గాకి తీసుకుపోవడాలు, వండిపెట్టడాలు. టైపింగు లేదు. ఒక్కో కోరికకి ఒక్కో రొట్టె పట్టుకునే స్వర్ణాల చెరువులో అమ్మ చదువు రొట్టె పట్టుకుంది, ఇంట్లో చదువుకునే వాళ్ళెవరూ లేరే అంటే "పుస్తకం చదువు కాదా ఏంది" అంది.

జూలై 20, ఆదివారం

వేటపాలెం పోయొచ్చా. ఈరోజు సంగతి కొంచెం పొడుగ్గా రాస్తా.

పత్రికల్లో వచ్చిన మూడు కతల్లో రెండింటి కత్తిరింపులు పెట్టెలోనే ఉన్నాయి, మూడోది లేదు. నోటుబుక్కులో ఆ కతకి చివరి పేజీ కూడా చిరిగిపోయి ఉంది, అంటే ముగింపు ఎక్కడా లేదన్నమాట. వేటపాలెం సారస్వత నికేతనంలో పాత పత్రికలు దొరుకుతాయని నాయన స్నేహితుడు, రిటైరైన తెలుగు పండిట్ సారు చెప్పారు. 1918లో మొదలైన గ్రంథాలయం అది, 1929లో గాంధీ గారు వచ్చి భవనానికి శంకుస్థాపన చేశారు. ప్రకాశం జిల్లాలోనే ఉండేది, 2022లో జిల్లాలు మారినప్పుడు బాపట్ల జిల్లాలోకి పోయింది. మన వైపు వాళ్ళు జీడిపప్పు కోసం వేటపాలెం పోతారు గానీ, నూరేళ్ళు దాటిన ఆ గ్రంథాలయంలో అడుగు పెట్టిన వాళ్ళు నాకు తెలిసి తక్కువ. పాత పత్రికలు ఏళ్ళవారీగా కట్టలు కట్టి దాచిన చోటు మనకి రైల్లో ఇంత దగ్గర్లో ఉందంటే అది మన అదృష్టం. ఒక్కసారైనా పోయి చూడండి.

నాకు ఏడాది తెలుసు, నెల తెలియదు. పొద్దున్నించి మధ్యాహ్నం రెండు దాకా వారం వారం సంచికలూ తిరగేశా. అంచులు గోధుమరంగుకి తిరిగిపోయాయి, పేజీ తిప్పుతుంటే పొడి రాలుతుంది, ఊపిరి బిగబట్టి తిప్పాలి. దొరికింది. నాయన పేరు అచ్చులో చూసి కాసేపు చదవలేకపోయా.

చదివాక వేరే బాధ మొదలైంది. కత నాయనదే, మాటలు నాయనవి కావు. నోటుబుక్కులో "నారు పోసిన కయ్య గెనిమ మింద కూచోని" అని ఉంటే పత్రికలో "వరి పొలం గట్టుపై కూర్చొని" అని ఉంది. పుట్టి వడ్లు కాస్తా బస్తాలయ్యాయి. మా వైపు ఇప్పటికీ వడ్లు పుట్లలోనే అమ్ముతారు, పుట్టి అంటే 850 కిలోలు, ఆ కతలో అప్పు తీరడానికి ఒక పుట్టి తక్కువ కావడమే అసలు సంగతి, బస్తాలని మారిస్తే లెక్కే తప్పిపోయింది.

రైల్లో తిరిగొస్తూ మిగతా రెండు కత్తిరింపుల ఫోటోలు మళ్ళీ చూశా. చిన్నప్పటి నుంచీ చూస్తున్న కాగితాలే. వాటి మీద నాయన ఎర్రసిరాతో ఏవో గీతలు గీసి ఉన్నాడు, అచ్చుతప్పులు దిద్దాడనుకునేదాన్ని. అవి అచ్చుతప్పులు కావు. ప్రతి "పొలం" మీదా కొట్టేసి పైన "కయ్య" అని రాసుకున్నాడు. ఎవరికీ పంపలేదు, ఎవరితోనూ పోట్లాడలేదు, తన కత్తిరింపు మీద తన మాట తిరిగి రాసుకుని పెట్టెలో పెట్టుకున్నాడు.

ఈ పుస్తకంలో ఒక్క మాట కూడా మారదు. ఇది ఈరోజు తీసుకున్న నిర్ణయం.

ఆగస్టు 10

టైపింగు పూర్తి. పద్నాలుగు కతలు తేలాయి. మొదటి ప్రూఫు పండిట్ సారు చూశారు.

సారు నాయనకి నలభై ఏళ్ళ స్నేహితుడు, ప్రేమతోనే చూశారు, కానీ ఎర్ర పెన్నుతో పేజీకి ఇరవై దిద్దుబాట్లు. "కూచోని" పక్కన "కూర్చొని", "మింద" పక్కన "మీద", "వొచ్చినాడు" పక్కన "వచ్చాడు". "అమ్మా, మీ నాయన అయ్యవారు కదా, అయ్యవారికి భాష రాదనుకుంటారు చదివేవాళ్ళు" అన్నారు. నేను వాదించలేదు, ఎర్రసిరా కత్తిరింపులు రెండూ ఆయన ముందు పెట్టా. చాలాసేపు చూశారు. ప్రూఫు కట్ట తీసుకుపోయి నాలుగు రోజుల తర్వాత తెచ్చిచ్చారు. ఈసారి నిజంగా అచ్చుతప్పులు మాత్రమే దిద్దారు. అంతేకాదు, నేను టైపు చేసేటప్పుడు తెలియకుండానే "మీద" అని మార్చేసిన పదహారు చోట్ల తిరిగి "మింద" చేశారు. నోటుబుక్కు పక్కన పెట్టుకుని మాట మాటా సరిచూశారన్నమాట.

ఒక్క విషయంలో సారు మాటే నెగ్గింది. వెనక మాటల పట్టిక ఉండాలన్నారు. నేను వద్దన్నా, కత చదువుతుంటే అర్థమవుతుంది కదా అని. "నీకు అర్థమవుద్ది. శ్రీకాకుళంలో పిల్లోడికి ఎండ్రకాయ అంటే పీత అని ఎవరు చెప్తారు?" అన్నారు. పెట్టాం, రెండు పేజీలు. అర్థాలన్నీ అమ్మ చెప్పింది, నేను రాసుకున్నా. మొలగొలుకుల దగ్గర ఆగిపోయింది, ఆ బియ్యం వండితే ఇల్లంతా ఎట్టా ఉండేదో అరగంట చెప్పింది. పట్టికలో మాత్రం "నెల్లూరు వైపు పండించిన పాత వరి రకం" అని ఒక్క వరుసే పట్టింది.

ఆగస్టు 29

గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజు, తెలుగు భాషా దినోత్సవం. ఆయన 1863లో పుట్టారు. జనం మాట్లాడే తెలుగు పుస్తకాల్లోకి రావాలని అంత పోరాటం చేసిన మనిషి. ఈ పని మొదలుపెట్టాక ఆయన పోరాటం నాకు బడిలో చదువుకున్న పాఠంలా లేదు.

ఈ రెండు నెలల్లో ధైర్యం కోసం చదివిన పుస్తకాల గురించి ఈరోజు రాస్తా. నాయన మాటలు అట్టనే ఉంచడం సరైన పనేనా అని రాత్రిళ్ళు అనుమానం వచ్చినప్పుడల్లా వీటిలో ఏదో ఒకటి తీశా.

మొదటిది మహమ్మద్ ఖదీర్‌బాబు దర్గామిట్ట కతలు. నెల్లూరు జిల్లా వాళ్ళు ఈ పుస్తకం చదవలేదంటే నాకు నిజంగా బాధేస్తుంది. ఆయనది కావలి. ముస్లిం ఇళ్ళలో పిల్లాడి బాల్యం, మన వైపు యాసలో, ఒక్క మాట కూడా వేరే ఊరి వాళ్ళ కోసం మార్చకుండా రాశారు. ఐనా రాష్ట్రమంతా చదివింది. పైకి చదవండి, ఇంట్లో పెద్దవాళ్ళుంటే వాళ్ళకి వినిపించండి. మా అమ్మకి రెండు కతలు చదివి వినిపిస్తే మూడోది తనే లాక్కుని చదువుకుంది.

రెండోది నామిని సుబ్రహ్మణ్యం నాయుడు పచ్చనాకు సాక్షిగా. చిత్తూరు వైపు పల్లె మాట, మన మాటకి దగ్గర చుట్టం. దీన్ని రోజుకొకటి చొప్పున చదవాలి, ఒకేసారి చదివితే కడుపు బరువెక్కుతుంది.

శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి అనుభవాలూ జ్ఞాపకాలూనూ కొంచెం పెద్ద పుస్తకం, ఓపిక కావాలి. గోదావరి వైపు మాట. సంస్కృతం తప్ప తెలుగు చదవడమే తప్పనుకునే ఇంట్లో పుట్టి తెలుగు కతల కోసం ఇంట్లో వాళ్ళతోనే పోరాడిన మనిషి రాసుకున్న జీవితం అది. వాక్యం ఎట్టా నడవాలో నేర్చుకోవాలనుకునే వాళ్ళు పక్కన పెట్టుకోవాల్సిన పుస్తకం.

ఇక ఒంగోలు వాళ్ళకి ప్రకాశం పంతులు గారి నా జీవిత యాత్ర గురించి నేను చెప్పాలా. కానీ అడిగితే చాలామంది చదవలేదనే అంటున్నారు. జిల్లాకి పేరుంది, విగ్రహం ఉంది, పుస్తకం మాత్రం ఇంట్లో లేదు. మొదటి భాగమైనా చదవండి. తండ్రి పోతే తల్లి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపి పిల్లల్ని పెంచడం, ఆయన నాటకాల్లో వేషాలు వేయడం, ఇమ్మనేని హనుమంతరావు నాయుడు గారు చదువు కోసం రాజమండ్రి తీసుకుపోవడం, అదంతా ఉంది. పుస్తకాలు వేసే వాళ్ళకి ఇంకో సంగతి: మన దేశంలో కాపీరైటు రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు. ప్రకాశం గారు 1957లో పోయారు, అంటే 2018 నుంచి ఆయన రచన ఎవరైనా అచ్చు వేయొచ్చు. నాయన కతలకి ఐతే ఆ హక్కు వారసులది కాబట్టి అమ్మ, నేను, తమ్ముడు ముగ్గురం కాగితం మీద సంతకాలు పెట్టుకున్నాం. ఇంట్లో వాళ్ళమే కదా అని వదిలేయొద్దు, రాసి పెట్టుకోండి.

సెప్టెంబరు 14, ఆదివారం

పేజీలు పెట్టే పని. డీటీపీ చేసే అబ్బాయి ఆత్మకూరు బస్టాండు దగ్గర ఉంటాడు, మంచి పనిమంతుడు. అను ఫాంటులో ఇమ్మన్నాడు, అందరూ దాంట్లోనే చేయించుకుంటారు. నేను ఏ కంప్యూటరులోనైనా, ఫోనులోనైనా చదవడానికి వచ్చే యూనికోడ్‌లోనే కావాలని పట్టుబట్టా. అనులో చేసింది ఆ ఫాంటు లేని చోట తెరిస్తే చదవడానికి రాదు, వెతకడానికి రాదు, రేపు ఈబుక్ చేయాలన్నా మళ్ళీ మార్చుకోవాలి, మార్చేటప్పుడు ఒత్తులు అటూ ఇటూ అవుతాయి. మొదటి రోజు పేజీలు పెట్టే సాఫ్ట్‌వేరు ఇన్‌డిజైన్‌లో నా ఫైలు పెడితే ఒత్తులన్నీ విడిపోయి పక్కన పడ్డాయి. "చూశావా అక్కా, నేను చెప్పలా" అన్నాడు. పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్ రెడీ కంపోజర్ అని ఉంటుంది, అది పెట్టగానే అన్నీ సర్దుకున్నాయి. అతనికీ అది కొత్త సంగతే, వెంటనే ఒక కాగితం మీద రాసి గోడకి అంటించుకున్నాడు.

లోపలి పేజీలకి మండలి ఫాంటు, కతల పేర్లకి గిడుగు ఫాంటు. రెండూ ఉచితంగా వాడుకోవచ్చు. గిడుగు పేరున్న అక్షరాల్లో నాయన కతల పేర్లు రావడం నాకు చాలా ఇష్టంగా ఉంది.

తెలుగుకి ఒక ఇబ్బంది ఉంది, మన మాటలు పొడుగు. రెండు వైపులా అంచులు సమంగా పెడితే వరుస మధ్యలో పెద్ద పెద్ద ఖాళీలు వస్తాయి. మాటని ఎక్కడ విరవాలో కంప్యూటరుకి తెలియదు. ఆ అబ్బాయీ నేనూ మూడు సాయంత్రాలు కూచుని ఒక్కో వరుసా చూసి చేత్తో విరిచాం.

మొత్తం 163 పేజీలు వచ్చింది. డెమీ ఎనిమిదో వంతు సైజులో ఒక ఫారానికి, అంటే ఒకే కాగితం మీద అచ్చు వేసి మడిచే కట్టకి, 16 పేజీలు, పది ఫారాలంటే 160. మూడు పేజీల కోసం ఇంకో ఫారం వేస్తే ఖర్చు పెరుగుతుంది, ఖాళీ కాగితాలు మిగులుతాయి. అక్షరం చిన్నది చేద్దామన్నాడు. చదివేది నాయన వయసు వాళ్ళు, చిన్నది చేయడానికి వీల్లేదు. నా ముందుమాట ఐదు పేజీలుండేది, రెండు పేజీలు చేశా. చదివి చూస్తే తీసేసిన మూడు పేజీల్లో అవసరమైంది ఏమీ లేదు.

అక్టోబరు 5

ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు, వచ్చింది. కేంద్ర విద్యాశాఖ కింద రాజా రామమోహన్‌రాయ్ ఏజెన్సీ ఇస్తుంది, ఆన్‌లైన్‌లో పెట్టుకోవాలి, డబ్బు కట్టనక్కర్లేదు. సొంతంగా పుస్తకం వేసుకునే వాళ్ళకి కూడా ఇస్తారు. మధ్యవర్తులు వేలకి వేలు అడుగుతున్నారు, ఇవ్వకండి. ఆధార్, టైటిల్ పేజీ, అట్ట నమూనా స్కాన్ చేసి పెడితే చాలు, నాకు మూడు వారాలు పట్టింది.

అచ్చు ధరలు మూడు చోట్ల అడిగా. డిజిటల్‌లో మూడొందల కాపీలకి కాపీ 88 రూపాయల చొప్పున 26,400. ఆఫ్‌సెట్‌లో, అంటే ప్లేట్లు చేసి వేసే అచ్చులో, ఐదొందల కాపీలకి కాపీ 58 చొప్పున 29,000. ప్లేట్ల ఖర్చు కాపీలు ఎన్ని వేసినా ఒకటే కాబట్టి ఎక్కువ వేసే కొద్దీ కాపీ ధర దిగుతుంది. 2,600 ఎక్కువ పెడితే రెండొందల కాపీలు ఎక్కువ. ఐదొందలు వేయిస్తున్నాం, విజయవాడలో. లోపల 70 జీఎస్ఎం (చదరపు మీటరుకి అన్ని గ్రాముల బరువు) మ్యాప్‌లితో కాగితం, అట్ట 300 జీఎస్ఎం. తెల్లగా మెరిసే కాగితం వద్దని చెప్పా, కళ్ళకి కొడుతుంది. వెల 150.

అక్టోబరు 29

మొంథా తుఫాను. నిన్న రాత్రి తీరం దాటింది. మూడు రోజులుగా ఇక్కడ కుండపోత, కరెంటు వచ్చి పోతోంది. ప్రెస్సుకి ఫోన్ చేస్తే ఫారాలన్నీ అచ్చయ్యాయి, బైండింగు ఆపామన్నారు. గాలిలో తేమ ఉంటే కాగితం పీల్చుకుని అలలు తేలుతుందట, అట్టాంటి కాగితాన్ని జిగురుతో అంటిస్తే తర్వాత పేజీలు ఊడతాయట. ఆగమనే చెప్పా. నాయన కతల్లో తొమ్మిదోది కూడా తుఫాను కతే, కయ్యల్లో నీళ్ళు నిలబడి కోతకొచ్చిన వరి పడిపోయే కత.

నవంబరు 16, ఆదివారం

పుస్తకాలొచ్చాయి. ఐదు అట్టపెట్టెలు. అమ్మ మొదటి కాపీ తీసి వాసన చూసి, నాయన ఫోటో ముందు పెట్టి, మళ్ళీ తీసుకుని అక్కడే కూచుని చదవడం మొదలుపెట్టింది.

సాయంత్రానికి ఒక చేదు. తమ్ముడు చదువుతుంటే 80వ పేజీ తర్వాత మళ్ళీ 65 వచ్చింది. 81 నుంచి 96 దాకా లేవు, ఒక ఫారం రెండుసార్లు పడి ఇంకోటి తప్పిపోయింది. రాత్రి పన్నెండు దాకా ఐదొందలూ తెరిచి చూశాం, ముప్పై ఒక్క కాపీల్లో ఇదే తప్పు. ప్రెస్సు వాళ్ళతో రెండు రోజులు మాటలయ్యాయి, చివరికి మార్చిస్తామన్నారు. పుస్తకాలు రాగానే మిగతా డబ్బు కట్టేయకుండా ప్రతి కాపీ తిప్పి చూడండి, ముఖ్యంగా 16తో భాగించే పేజీల దగ్గర.

నవంబరు 23

పంపకం. 2024 డిసెంబరులో తపాలా శాఖ రిజిస్టర్డ్ బుక్ పోస్టు ఆపేసినప్పుడు చిన్న ప్రచురణకర్తలందరికీ ఎంత టెన్షన్ అయిందో అప్పట్లో చదివా, నాకేమీ పట్టలేదు. ఇప్పుడు అదే నా సమస్య. ఐతే 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ అని కొత్తది పెట్టారు, పుస్తకాలకే. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకి 100, పన్ను అదనం. మన పుస్తకం కవరుతో కలిపి 205 గ్రాములు తూగింది. నేలదారిన పోతుంది కాబట్టి ఆలస్యమవుతుంది, ఫరవాలేదు. పుస్తకం మీద ప్రింటరు పేరో ప్రచురించిన వాళ్ళ పేరో ఉండాలి, లోపల వ్యాపార ప్రకటనలు ఉండకూడదు.

1954 చట్టం ప్రకారం పుస్తకం వేసిన వాళ్ళు నాలుగు గ్రంథాలయాలకి ఒక్కో కాపీ సొంత ఖర్చుతో పంపాలి, ముప్పై రోజుల్లోపు. కోల్‌కతా నేషనల్ లైబ్రరీ, చెన్నై కన్నెమరా, ముంబై ఏషియాటిక్ సొసైటీ, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీ. చాలామంది పంపరు. నేను నాలుగూ కట్టి పంపా. ఐదోది వేటపాలెంకి, చట్టం అడక్కపోయినా. ఆ పత్రిక కట్ట ఉన్న భవనంలోనే ఇప్పుడు నాయన రాసిన మాటలతో ఆ కత ఉంటుంది.

డిసెంబరు 7, ఆదివారం

143 కాపీలు పోయాయి. ఎక్కువ నాయన దగ్గర చదువుకున్న వాళ్ళే. సంగం నుంచి ఒకాయన ఫోన్ చేసి, అయ్యవారు క్లాసులో కూడా అట్టనే మాట్లాడేవాడమ్మా, చదువుతుంటే గొంతు వినపడింది అన్నాడు.

రెండో అచ్చు కోసం తప్పుల కాగితం మొదలుపెట్టా, ఇప్పటికి పదకొండు. పండిట్ సారు పట్టింది ఏడు, అమ్మ పట్టింది మూడు. పదకొండోది నేనే చూశా, 47వ పేజీ, కింది నుంచి నాలుగో వరుస. అంత జాగ్రత్తపడినా ఎక్కడి నుంచి వచ్చిందో, "కయ్యం" అని పడింది. మిగిలిన కాపీలన్నిటిలో ఈ రాత్రి నుంచి చేత్తో దిద్దుతున్నా, నాయన ఎర్రసిరాకి దగ్గరగా ఉండే పెన్ను బుచ్చి బజార్లో దొరికింది.